బైపీసీ తర్వాత బయాలజీయే చదవాలంటే: పెద్ద యూనివర్సిటీనా, ఊళ్ళో డిగ్రీ కాలేజీనా?

జూన్‌లో నీట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి విజయవాడ, గుంటూరు ఇళ్ళలో జరిగే చర్చ దాదాపు ఒకటే. ఎంబీబీఎస్‌కు సరిపడా ర్యాంకు రాలేదు, ఇప్పుడేం చేద్దాం? లాంగ్ టర్మ్‌కు పంపాలా, బీఫార్మసీలో చేర్చాలా, అగ్రికల్చర్ బీఎస్సీకి ప్రయత్నించాలా? ఇంతలో అమ్మాయో అబ్బాయో "నాకు బయాలజీ అంటే ఇష్టం, అదే చదువుకుంటాను" అంటే పెద్దవాళ్ళకు ఏం చెప్పాలో తోచదు. ఆ చదువు ఎక్కడ చదవాలో, చదివితే ఏమొస్తుందో విడమరిచి చెప్పేవాళ్ళు మన దగ్గర తక్కువ. గుంటూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను కాబట్టి ఏటా ఈ ప్రశ్న నా దాకా వస్తుంది.

వ్యవసాయం, ఫార్మసీ, ఫిజియోథెరపీ వృత్తి చదువులు. వాటి లెక్క వేరు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. పరిశోధనలోకో, బోధనలోకో వెళ్ళాలనుకునేవాళ్ళకు మన ప్రాంతం నుంచి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఇంటర్ అవగానే ఐసర్‌లోనో (సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఐదేళ్ళ కోర్సులో చేరడం ఒకటి. ఊళ్ళోనే డిగ్రీ చేసి, ఎమ్మెస్సీకి పెద్ద యూనివర్సిటీకి వెళ్ళడం ఇంకొకటి. డిగ్రీ ఇక్కడే చేసి ఎమ్మెస్సీ కూడా మన నాగార్జున యూనివర్సిటీలోనే చేయడం మూడోది. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. మొదటి దారిలో సీటొస్తే వెనకాడకుండా చేరండి. రాకపోతే బాధపడి ఏడాది పోగొట్టుకోకుండా రెండోది పట్టుకోండి. మూడోది కొన్ని సబ్జెక్టులకు చాలా మంచిది, అన్నిటికీ కాదు.

నీట్ ఫలితం దాకా ఆగకండి

మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నీట్ రిజల్ట్ చూసుకుని అప్పుడు ఆలోచిద్దాం అనుకుంటారు. అప్పటికి ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీకి దరఖాస్తు గడువు అయిపోయి ఉంటుంది. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. దాని గడువు కూడా వేసవి సెలవులకు ముందే ముగుస్తుంది. సంక్రాంతి నుంచి ఇంటర్ పరీక్షల లోపు ఒకరోజు కూర్చుని ఈ నోటిఫికేషన్లు వచ్చాయేమో చూసుకుంటే చాలు. కాలేజీలో ఎవరో ఒకరు చెబుతారులే అనుకోవద్దు. నీట్ బ్యాచుల్లో ఈ పరీక్షల మాటే ఎత్తరు.

"ఐఏటీలో లెక్కలుంటాయి, మేం బైపీసీ" అని చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. ఆ పరీక్షలో మొత్తం 60 ప్రశ్నలు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి తలా 15. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత, మొత్తం 240. అంటే నీట్ కోసం రెండేళ్ళు చదివిన మూడు సబ్జెక్టులకే 180 మార్కులున్నాయి. లెక్కలు పూర్తిగా వదిలేసినా ఆ మూడింటిలో గట్టిగా చేసినవాళ్ళు పోటీలో ఉంటారు. పదో తరగతి లెక్కలు గుర్తుంటే, ఇంటర్ లెక్కల్లో సెట్లు, ప్రాబబిలిటీ, తేలికపాటి కాల్‌క్యులస్ ఒక నెల చూసుకుంటే ఇంకో నాలుగైదు ప్రశ్నలు చేతికొస్తాయి. అర్హతకు కూడా ఇంటర్లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగింటిలో మూడు ఉంటే సరిపోతుంది.

ఐసర్ లాంటిదే భువనేశ్వర్ దగ్గరి నైసర్ సంస్థ, దానికి నెస్ట్ పరీక్ష ఉంది. అందులో నాలుగు సబ్జెక్టుల్లో బాగా వచ్చిన మూడింటినే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి బైపీసీ వాళ్ళకు అది ఇంకా అనుకూలం. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ళ బీఎస్ మాత్రం మన బైపీసీ వాళ్ళకు కుదరదు. దానికి ఇంటర్లో లెక్కలు ప్రధాన సబ్జెక్టుగా ఉండాలి.

తిరుపతి ఐసర్, హైదరాబాద్ యూనివర్సిటీ

ఐసర్లు దేశంలో ఏడున్నాయి. తిరుపతిలోది 2015లో మొదలైంది. క్యాంపస్ ఏర్పేడు దగ్గర ఉంది. విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరిపోవచ్చు. ఒడిశాలోని బరంపురం ఐసర్ కూడా మన హౌరా లైను మీదే ఉంది కాబట్టి ఆప్షన్లు పెట్టేటప్పుడు దాన్నీ వదలొద్దు.

ఐసర్‌లో ఇచ్చేది ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్. మొదటి రెండేళ్ళు అందరూ అన్ని సైన్సులూ చదవాలి. బయాలజీ కోసం వచ్చిన పిల్ల కూడా లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్ కోడింగ్ చేయాల్సిందే. మన బైపీసీ పిల్లలు మొదటి సెమిస్టర్‌లో తడబడేది ఇక్కడే. తట్టుకుని నిలబడితే ఆ తర్వాత అదే వాళ్ళ బలమవుతుంది. ఇవాళ్టి బయాలజీలో జీనోమ్ సమాచారం విశ్లేషించాలన్నా, కొల్లేరులో పక్షుల లెక్క తేల్చాలన్నా స్టాటిస్టిక్స్ రావాలి. ఐదో ఏడు మొత్తం ఒక ల్యాబులో సొంత ప్రాజెక్టు. ఆ ఒక్క ఏడాదిలో నేర్చుకునేది డిగ్రీ కాలేజీలో మూడేళ్ళలో కూడా దొరకదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఏర్పడింది. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో చేరవచ్చు, ప్రవేశం సీయూఈటీ ద్వారా. అక్కడి స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో బయోకెమిస్ట్రీ, ప్లాంట్ సైన్సెస్, యానిమల్ బయాలజీ, బయోటెక్నాలజీ విభాగాలు వేర్వేరుగా ఉన్నాయి. ఒకే చోట మొక్కల మీద పనిచేసేవాళ్ళూ, మలేరియా క్రిమి మీద పనిచేసేవాళ్ళూ, కంప్యూటర్ మీద ప్రొటీన్ల రూపం గీసేవాళ్ళూ కనిపిస్తారు. పైగా ఊళ్ళోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ వంటి పరిశోధనా సంస్థలు ఉన్నాయి. సెలవుల్లో ప్రాజెక్టు కోసం ఊరు మారనక్కర్లేదు.

ఈ రెండింటిలో ఏది? లెక్కలంటే భయం లేకుండా, పరిశోధనే చేయాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు ఐసర్. బయాలజీ మీద ఇష్టం ఉండి, ఏ వైపు వెళ్ళాలో ఇంకా తేలనివాళ్ళకు హైదరాబాద్. అక్కడ సోషల్ సైన్సెస్, భాషల విభాగాలు కూడా పక్కనే ఉంటాయి. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ. మొదటిసారి ఇల్లు వదిలే పిల్లలకు అది చిన్న సంగతి కాదు. విజయవాడ నుంచి బస్సులో ఐదు గంటలు, పండక్కి ఇంటికి రావడం తేలిక. ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపి చూస్తే ఐసర్‌కు ఎక్కువవుతుంది. ఇంటర్ బోర్డులో పైనున్న ఒక శాతం మందిలో ఉంటే కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. అది ఏడాదికి 80,000 రూపాయలు. ఎంబీబీఎస్, అగ్రికల్చర్ వంటి కోర్సులకు రాదు, సైన్స్ చదివేవాళ్ళకే. మన బోర్డులో ఆ ఒక శాతం గీత చాలా పైన ఉంటుందని గుర్తుంచుకోండి.

పెద్ద క్యాంపస్‌లో అడగనిదే ఏదీ దొరకదు

పెద్ద పబ్లిక్ యూనివర్సిటీలో గొప్ప ల్యాబులుంటాయి, అది నిజం. ఆ ల్యాబులు మొదట పీహెచ్‌డీ స్కాలర్లవి. ప్రొఫెసర్ టైమంతా వాళ్ళకూ, ప్రాజెక్టు రిపోర్టులకూ, కమిటీలకూ పోతుంది. మొదటి ఏడాది పిల్లాడు ఎవరో ఆయనకు తెలియదు. ఇంటర్ రెండేళ్ళూ కార్పొరేట్ కాలేజీలో పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎవరో ఒకరు తరుముతుంటే చదివిన మన పిల్లలకు ఇది పెద్ద మార్పు. అక్కడ స్టడీ అవర్ ఉండదు, వీకెండ్ టెస్టు ఉండదు, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ వెళ్ళదు. ఆ స్వేచ్ఛలో కొందరు మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్స్ తెచ్చుకుని టెన్షన్ పడతారు.

నేను పిల్లలకు చెప్పేది ఒకటే. చేరిన మొదటి ఏడాదే ఒక ల్యాబు తలుపు తట్టండి. ప్రొఫెసర్ దగ్గరకు నేరుగా వెళ్ళడానికి భయంగా ఉంటే అక్కడి రీసెర్చ్ స్కాలర్‌ను "అక్కా, శనివారాలు వచ్చి చూడొచ్చా?" అని అడగండి. గాజు సామాను కడగడం, బ్యాక్టీరియా పెంచే అగార్ ప్లేట్లు పోయడం, ప్రయోగాలకు పెంచే ఈగల సీసాలు మార్చడం దగ్గర మొదలవుతుంది. అది పనికిమాలిన పని అనుకోవద్దు. మైక్రోపిపెట్ పట్టుకోవడం చేతికి అలవాటయ్యేది అక్కడే. అడిగినవాళ్ళకు యూనివర్సిటీ అన్నీ ఇస్తుంది. అడగకుండా క్లాసుకు వెళ్ళి హాస్టల్‌కు వచ్చేవాళ్ళకు అదీ ఒక మామూలు కాలేజీయే.

అందుకే ఏ సంస్థను పోల్చినా ర్యాంకింగుల కన్నా ముందు నేను చూసేది ఒక్కటి. డిగ్రీ స్థాయి పిల్లల చేతులు వారానికి ఎంతసేపు పరికరాల మీద పనిచేస్తాయి? కాలేజీ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ప్రాక్టికల్స్ జరిగే మధ్యాహ్నం పూట వెళ్ళండి. ఒక మైక్రోస్కోపు దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూడండి. డీఎన్ఏకు నకళ్ళు తీసే పీసీఆర్ మెషీన్ ఉందా అని కాదు, పిల్లలు దాన్ని వాడారా అని అడగండి. సీనియర్లు చూపించే రికార్డులో బొమ్మలు స్లైడ్ చూసి గీసినవా, పాత రికార్డు చూసి దించినవా అన్నది రెండు పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. కప్పను కోయాలేమోనని భయపడే పిల్లలకు ఒక మాట: 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో జంతువుల డిసెక్షన్‌ను ఆపేసింది. ఆ భయంతో జువాలజీ వదులుకోనక్కర్లేదు.

ఊళ్ళో డిగ్రీ: కాలేజీ పేరు కన్నా సబ్జెక్టు ముఖ్యం

ఐసర్, హైదరాబాద్ రానివాళ్ళే ఎక్కువమంది, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి. మన దగ్గర పాత కాలేజీలకు కొదవ లేదు. గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది. విజయవాడలో ఎస్సారార్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల, చెట్లతో నిండిన ఆంధ్ర లయోలా, అమ్మాయిలకు మేరిస్ స్టెల్లా, పీబీ సిద్ధార్థ, గుంటూరులో జేకేసీ, హిందూ కాలేజీ, ప్రభుత్వ మహిళా కళాశాల ఉన్నాయి. వీటిలో ఏది మంచిదని నేను వరస పెట్టను. పై పేరాలో చెప్పినట్టు మధ్యాహ్నం వెళ్ళి మీ కళ్ళతో చూసి తేల్చుకోండి. చూసినదాంతో పాటు, నిరుటి బ్యాచ్‌లో ఎవరెవరు ఎమ్మెస్సీకి ఎక్కడికి వెళ్ళారో అడగండి. ఆ జవాబు వెంటనే చెప్పగలిగిన డిపార్ట్‌మెంట్ మంచి డిపార్ట్‌మెంట్.

అసలు జాగ్రత్త సబ్జెక్టు ఎంపికలో కావాలి. మన రాష్ట్రంలో పాత బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వంటి మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి 2023-24 నుంచి ఒక్క సబ్జెక్టే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ వచ్చింది. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి చేరే ఏడాది ఏది అమల్లో ఉందో కనుక్కోండి. పద్ధతి ఏదైనా మేజర్ ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ వైపు మొగ్గుతారు. పేరు కొత్తగా ఉంటుంది, ఉద్యోగం వస్తుందని ఎవరో చెబుతారు. బోటనీ, జువాలజీ పాతబడిపోయాయని చిన్నచూపు.

నాది వేరే మాట. పదిహేడేళ్ళ వయసులో సబ్జెక్టును మరీ ఇరుకు చేసుకోకండి. పరిశోధనకు ముఖ్యమైన మెట్టు సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష. ఎమ్మెస్సీ స్థాయిలో రాసే ఈ పరీక్షతోనే పీహెచ్‌డీకి ఫెలోషిప్ వస్తుంది. దాని సిలబస్‌లో 13 యూనిట్లున్నాయి. అణువుల నుంచి మొదలై కణం, జన్యువు, పిండాభివృద్ధి, మొక్కల శరీరధర్మం, జంతువుల శరీరధర్మం, జీవవైవిధ్యం, పర్యావరణం, పరిణామం, పరిశోధనా పద్ధతుల దాకా అన్నీ అడుగుతారు. డిగ్రీలో ఒక్క బ్యాక్టీరియా గురించే చదివినవాళ్ళు సగం సిలబస్ సొంతంగా మొదటినుంచి నేర్చుకోవాలి. అందుకని జువాలజీ గానీ బోటనీ గానీ మేజర్‌గా తీసుకుని, మైనర్‌గా కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ దొరికితే అదే పట్టమంటాను. బయోటెక్నాలజీ చదవాలనుంటే ఎమ్మెస్సీలో చదవొచ్చు.

టీచర్ కావాలనుకునేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. జూనియర్ కాలేజీలో బైపీసీకి బోటనీ, జువాలజీ చెబుతారు, ఆ సబ్జెక్టులకే లెక్చరర్ పోస్టులుంటాయి. డీఎస్సీ వైపు చూసేవాళ్ళు డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలని పాత నోటిఫికేషన్లలో అడిగారో చేరే ముందే చదవండి.

డిగ్రీ కాలేజీలో ఉన్న లాభం ఏమిటంటే లెక్చరర్ మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. లోటు ల్యాబు. ఆ లోటు తీర్చుకోవడానికి మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. ఎంపికైతే వేసవిలో రెండు నెలలు దేశంలోని మంచి ల్యాబుల్లో, స్టైపెండ్‌తో పనిచేయొచ్చు. సెకండియర్‌లో ఉండగానే దరఖాస్తు చేయండి. ఫీల్డ్ పనికి మాత్రం మనకన్నా అదృష్టవంతులు లేరు. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుల్లో ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు గూళ్ళు పెడతాయి. కొల్లేరు ఒక పూట ప్రయాణం. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. ఒక నోటుబుక్కు, పాత బైనాక్యులర్ పట్టుకుని ఏడాదిపాటు ఉప్పలపాడు గూళ్ళు లెక్కపెట్టిన పిల్లకు ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత పని ఉంటుంది.

నాగార్జున యూనివర్సిటీకి ఎవరు వెళ్ళాలి

నంబూరు దగ్గర, విజయవాడ గుంటూరు హైవే మీద ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1967లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై, 1976లో సొంతంగా యూనివర్సిటీ అయింది. దీని క్యాంపస్ ప్రధానంగా పీజీ, పీహెచ్‌డీలది. బోటనీ, జువాలజీ, బయోటెక్నాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉన్నాయి. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు.

ఆక్వాకల్చర్ వైపు ఆసక్తి ఉంటే వేరే రాష్ట్రాల వైపు చూడకుండా ఇక్కడ చేరమంటాను. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. కైకలూరు, భీమవరం చెరువులు, తీరం వెంట హ్యాచరీలు, ఫీడ్ కంపెనీలు మన చుట్టూ ఉన్నాయి. వనామీ రొయ్యకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చినా, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పట్టి ఎదుగుదల ఆగిపోయినా రైతు రాత్రికి రాత్రే అప్పుల్లో పడతాడు. ఆ జబ్బు నమూనా పొద్దున చెరువు దగ్గర తీసి మధ్యాహ్నం ల్యాబులో చూడగలిగే దూరంలో చదువుకోవడం ఢిల్లీలో కుదరదు. పురుగుల మీద పనిచేయాలనుకునేవాళ్ళకూ అంతే. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను నాశనం చేసింది. గుంటూరు దగ్గరి లాంలో వ్యవసాయ పరిశోధనా స్థానం పక్కనే ఉంది.

మాలిక్యులర్ బయాలజీ, న్యూరోసైన్స్, జీనోమిక్స్ వంటివైతే హైదరాబాద్ లేదా ఐసర్ల వైపే చూడండి. వాటికి ఖరీదైన రసాయనాలు, నిరంతరం నడిచే పరికరాలు కావాలి. రాష్ట్ర యూనివర్సిటీలకు అందే నిధులతో అవి కష్టం. ఖాళీ అధ్యాపక పోస్టులు కూడా పెద్ద సమస్యే. కాబట్టి చేరే ముందు మీ సబ్జెక్టులో ఇప్పుడు రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది ఉన్నారో డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళి అడగండి.

డబ్బు సంగతి

బీఎస్సీ బయాలజీతో ఆగిపోతే మంచి జీతం రావడం కష్టం, ఇది పిల్లలకూ పెద్దలకూ ముందే తెలియాలి. ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, హ్యాచరీ టెక్నీషియన్ పనులు దొరుకుతాయి, మొదట్లో జీతం తక్కువ. ఈ చదువుకు ఫలితం ఎమ్మెస్సీ తర్వాతే. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం ఇస్తున్నారు. రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000. పీహెచ్‌డీ అంటే సొంత డబ్బుతో చదివే చదువు అన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. ఫెలోషిప్ తెచ్చుకున్నవాళ్ళకు అది నిజం కాదు. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళ దాకా ఇంటి మీద ఆధారపడే పరిస్థితి, ముఖ్యంగా పెళ్ళి ఒత్తిడి ఉండే అమ్మాయిలను, మధ్యలోనే చదువు మానేలా చేస్తుంది.

ఇప్పటికే డిగ్రీలో ఉన్నవాళ్ళు మూడో ఏడాది మొదట్లోనే సిద్ధం కావాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు దసరాకు ముందే, సెప్టెంబరులోనే మొదలవుతాయి. అందులో బయోటెక్నాలజీ పేపర్ మన పిల్లలది. హైదరాబాద్ సహా సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే ఎమ్మెస్సీలకు గ్యాట్-బీ, నాగార్జునకు ఏపీ పీజీసెట్. నాలుగింటికీ చదవాల్సిన సరుకు చాలావరకు ఒకటే కాబట్టి నాలుగూ రాయండి. నాలుగింటి దరఖాస్తు ఫీజులకు ఇబ్బంది అయితే జామ్, సీయూఈటీ పీజీ రెండూ మాత్రం వదలకండి.